నురగకు కాపలా

రెండో పంపు గొంతు మారినట్టుంది, లేక తన చెవులకే అలా వినిపిస్తోందా, అరవై మూడేళ్ళ చెవులు, ముప్పయ్యేళ్ళు కాగితం మిల్లు హోరులో నానిన చెవులు, అయినా పంపు గొంతు మారితే లోవెల్‌కి తెలియకుండా పోదు, పెళ్ళాం గొంతు మారితే తెలియదు గానీ పంపు గొంతు మారితే నిద్రలోంచి కూడా లేస్తాడు అని వెర్నా ఎన్నిసార్లు అనలేదు, లేదు, బాగానే ఉంది, గొట్టంలో గాలిబుడగ ఒకటి ఇరుక్కుని బయటపడింది అంతే, తెర మీద నూట యాభై రెండు ఫారన్‌హీట్ డిగ్రీలు, అటూ ఇటూ జరగలేదు, బీరు కోసం మొలకెత్తించిన బార్లీ నూక వేడినీళ్ళలో నానుతున్న మొదటి గంగాళంలోంచి తియ్యటి జావ వాసన లేచి నేలమాళిగంతా నిండి మెట్ల మీదుగా వంటింట్లోకి పోతోంది, ఎర్విన్ వచ్చి పెరటి తలుపు తియ్యగానే ముందు ఈ వాసనే తగలాలి, అందుకే సరిగ్గా రెండింటికి బార్లీ పోశాడు, అన్న మూడింటికి వస్తానన్నాడు, వస్తానని కూడా కాదు, చూద్దాంలేరా అన్నాడు, ఎర్విన్ నోట చూద్దాంలే అంటే ఒకప్పుడు వస్తానని అర్థం, ఇప్పుడు ఏమని అర్థమో లోవెల్‌కి తెలియదు, రేపు తెల్లారేసరికి ఎర్విన్ బండి ఎక్కి వెళ్ళిపోతాడు, నలభయ్యేళ్ళు కాపురమున్న ఇల్లు అమ్మేసి అరిజోనా పోతున్నాడు, ఎడారిలోకి, ఎందుకన్నా అంటే అక్కడ మంచు పడదురా అంటాడు, అడిగిన ప్రతివాడికీ అదే మాట, చర్చిలో పాదిరిగారికీ అదే మాట, విస్కాన్సిన్‌లో పుట్టి అరవై ఎనిమిది శీతాకాలాలు చూసినవాడు మంచు పడదని ఊరు విడిచి పోవడమేమిటి, సరే, పోతే పోయాడు, లోవెల్ అడిగేది ఒక్కటే, పోయే ముందు ఒక్కసారి ఈ పదమూడు మెట్లూ దిగి గంగాళం పక్కన తనతో ఓ గంట నిలబడితే చాలు, ఏడాది దాటింది అన్న ఈ మెట్లు దిగి, ఇవాళ దిగకపోతే ఇంక దిగడు.

ఇదంతా కట్టడానికి పద్నాలుగు నెలలు పట్టింది, మిల్లు మూసేశాక చేతులకి పని లేక దురద పుడుతున్న రోజులవి, మూడు స్టీలు గంగాళాలు, రెండు పంపులు, ఎనిమిది కవాటాలు, ఒక్కో కవాటానికీ ఒక చిన్న మోటారు, గోడకి ఎర్రదీపాలు పచ్చదీపాలున్న పెట్టె, మిల్లులో బాయిలరు గదిలో ఉండేదానికి తమ్ముడిలాంటిది, తీగలన్నీ దువ్విన జుట్టులా కట్టలు కట్టి, ఒక్కోదానికీ చీటీ అంటించి, వెర్నా మెట్ల మీద నిలబడి చేతులు కట్టుకుని చూసి ఏం మహానుభావా, రాకెట్టు ఎప్పుడు లేస్తుంది, ముందుగా చెబితే పక్కింటివాళ్ళని ఖాళీ చేయిస్తా అంది, కానీ పక్కింటివాళ్ళే మొదట వచ్చారు చూడ్డానికి, ఆ తర్వాత బీరు కాచుకునేవాళ్ళ సంఘం వాళ్ళంతా వచ్చి ఈ నేలమాళిగలో నోళ్ళు తెరుచుకుని నిలబడ్డారు, నీళ్ళు దానంతటదే కొలుచుకుంటుంది, వేడి దానంతటదే చూసుకుంటుంది, బీరుకి చేదునిచ్చే హాప్ పూలు ఎప్పుడెన్ని వెయ్యాలో అదే వేస్తుంది, పైన తిరిగే చక్రానికి ఆరు గిన్నెలు, వేళకి ఒక్కోటి బోర్లపడుతుంది, అన్నిటికన్నా ముచ్చటైనది నురగ పుల్ల, మరిగే గంగాళం మూతికి నాలుగు వేళ్ళ కింద వేలాడే సన్నటి లోహపు పుల్ల, నురగ వచ్చి దాన్ని తాకిన క్షణం మంట తగ్గిపోతుంది, నురగ కూచుంటుంది, మళ్ళీ మంట లేస్తుంది, రెప్ప వెయ్యని కాపలావాడు, పోటీకి పంపిన మొదటి బీరుకే న్యాయనిర్ణేత కాగితం మీద ఎక్కడా లోపం లేదు అని రాశాడు, ఆ కాగితం ఇప్పటికీ ఫ్రిజ్ మీద ఉంది, ఎక్కడా లోపం లేదు, అంతే రాశాడు, రుచిగా ఉందని రాయలేదు, లోవెల్ అప్పుడు గమనించలేదు గానీ ఇప్పుడు ఆలోచిస్తే ఒక్క ముక్క కూడా రాయలేదు రుచి గురించి.

మరి అంతకు ముందు పంతొమ్మిదేళ్ళూ ఏముంది, గ్యారేజీ ఉంది, తలుపు నడుం దాకా ఎత్తి, గ్యాసు పొయ్యి మీద ఒక మసిపట్టిన అల్యూమినియం కుండ, ప్రతి నెలా మొదటి శనివారం, నీళ్ళు కొలవడానికి ఎర్విన్ గాట్లు పెట్టిన మేపుల్ కర్ర, వేడి చూడ్డానికి ఎర్విన్ మోచెయ్యి, చంటిపిల్లల స్నానానికి చూసినట్టు చూసి ఇంకో రెండు నిమిషాలురా అనేవాడు, నురగకి కాపలా కూడా ఎర్విన్‌దే, ఒక చేతిలో తెడ్డు, ఒక చేతిలో నీళ్ళు చిమ్మే సీసా, బట్టలు ఇస్త్రీ చేసేటప్పుడు మార్లిస్ వదిన వాడే సీసా అది, పొయ్యి మీట దగ్గర లోవెల్, గంటసేపు మరగాలి, ఆ గంటసేపూ ఇద్దరూ భుజం భుజం ఆనించి కుండలోకే చూస్తూ నిలబడాలి, ఒకరి మొహం ఒకరు చూసుకోనక్కర్లేదు, అందుకేనేమో మాటలు వచ్చేవి, తమ ఇంట్లో మగవాళ్ళకి బల్లకి అటొకరు ఇటొకరు కూచుంటే మంచుకాలం గురించి, లేళ్ళ వేట గురించి తప్ప మాట పెగలదు, కుండ దగ్గర మాత్రం పెగిలేది, తనకీ వెర్నాకీ పిల్లలు పుట్టరని డాక్టరు చెప్పిన సంగతి లోవెల్ మొదట చెప్పింది ఆ కుండకే, ఎర్విన్ తెడ్డు తిప్పడం ఆపలేదు, తల ఎత్తలేదు, నువ్వేం పాపం చెయ్యలేదురా అన్నాడు, కాసేపాగి, వెర్నా కూడా చెయ్యలేదు, ఇంటికెళ్ళి ఆ మాట దానికి చెప్పు అన్నాడు, చెప్పాడు, ఆ రాత్రి వెర్నా చాలా రోజుల తర్వాత అన్నం తిన్నట్టు తిన్నది, అంత చేసిపెట్టింది ఆ మసికుండ.

ఈ మర మొదలుపెట్టడానికి ముందటి ఫిబ్రవరిలో మార్లిస్ వదిన పోయింది, వంటింట్లో పడిపోయి, గుండె, పెద్ద మంచు కురిసిన రోజు, ఏప్రిల్లో ఎర్విన్ మొదటి శనివారానికి వచ్చాడు, గడ్డం చేసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు, వదిన లేకుండా చొక్కాకి ఇస్త్రీ ఎవరు చేశారా అని లోవెల్ ఆ రోజంతా అనుకున్నాడు, తెడ్డు పట్టుకుని నిలబడ్డాడు అన్న, బార్లీ నీళ్ళు ఇంకా మరుగుకి రాలేదు, అంచుల్లో చిన్న చిన్న బుడగలు, అప్పుడు మొదలుపెట్టాడు, ఆ పొద్దున నేను ఇంట్లో లేనట్టే లెక్కరా, అంటే ఉన్నాను, వాకిట్లోనే ఉన్నాను గానీ, అన్నాడు, గానీ దగ్గర ఆగాడు, గుటక వేశాడు, ఆ గుటక చప్పుడు పొయ్యి హోరులో కూడా వినిపించింది, ఇంతలో కుండ పొంగింది, తెల్లటి నురగ అంచు దాటి పొయ్యి మీదికి, నేల మీదికి, బూట్ల మీదికి, మంట ఆరిపోయి, మాడిన చక్కెర వాసన, గ్యారేజీ అంతా జిగురు, ఎర్విన్ తెడ్డు పడేసి మోకాళ్ళ మీద కూచుని పాత తువ్వాలుతో తుడవడం మొదలుపెట్టాడు, ఆ ఇస్త్రీ చొక్కా చేతులు నేలంతా పాకి తడిసిపోయాయి, నా తప్పేరా, నా కళ్ళు కుండ మీద లేవు అన్నాడు, పర్లేదులే అన్నయ్యా అన్నాడు లోవెల్, అంతే, వాకిట్లో ఉన్నాను గానీ అన్న మాట అక్కడే ఉండిపోయింది, మర్నాడే లోవెల్ కాగితం తీసుకుని నురగ పుల్ల బొమ్మ గీశాడు, అన్నకి వయసొచ్చింది, మనసు బాగాలేదు, తెడ్డు పట్టుకుని గంటసేపు నిలబడడం కష్టం, హాయిగా కూచుని చూసేలా చెయ్యాలి, వెర్నాకి అలాగే చెప్పాడు, తనకి తను కూడా అలాగే చెప్పుకున్నాడు, మనిషితో మాట అనడం కన్నా మర కట్టడం తేలిక ఈ ఊళ్ళో మగవాళ్ళకి, కడుతున్న పద్నాలుగు నెలలూ మొదటి శనివారాలు లేవు, గ్యారేజీలో కుండ తీసేశాడు, ఇది పూర్తవనీ అన్నయ్యా, అప్పుడు చూడు అని ఫోనులో అంటే, సరేలేరా, తొందరేముంది అనేవాడు ఎర్విన్.

పూర్తయిన రోజు దిగి వచ్చాడు, గంగాళాల చుట్టూ ఒకసారి తిరిగాడు, దీపాలు చూశాడు, అమ్మో, ఇది మన మిల్లు కన్నా బాగుందిరా, దీన్ని ఎవరూ మూసెయ్యరు కూడా అన్నాడు, నవ్వారు ఇద్దరూ, తర్వాత ఎర్విన్ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు జేబుల్లో పెట్టి, తీసి, మరి నేనేం చెయ్యాలి అన్నాడు, ఏం చెయ్యక్కర్లేదు, అదే దీని గొప్పతనం, కూచో అన్నయ్యా అని లోవెల్ కుర్చీ జరిపాడు, తోలు కుర్చీ, అన్న కోసమే కొన్నది, ఎదురుగా తనొకటి వేసుకున్నాడు, కూచున్నారు, పంపులు తిరుగుతున్నాయి, చక్రం మీద గిన్నె బోర్లపడింది, ఎర్విన్ ఉలిక్కిపడి చూసి ఓహో అన్నాడు, పాలవాడు బండి అమ్మకానికి పెట్టాడట, మొక్కజొన్న ఈసారి పొట్టిగా ఉంది, టైర్లు మార్చాలి, ఇవే మాటలు, మధ్యలో ఎర్విన్ కళ్ళు మాటిమాటికీ గంగాళం వైపు పోయి, అక్కడ చెయ్యడానికేమీ లేక, తిరిగొచ్చేవి, నలభై నిమిషాలయ్యాక రెండు చేతులతో తొడల మీద చరుచుకుని సరే మరి అన్నాడు, ఈ ప్రాంతంలో సరే మరి అంటే వెళ్ళడం కాదు, వెళ్ళడం మొదలుపెట్టడం, లేచి నిలబడి అరగంట, తలుపు దగ్గర అరగంట, బండెక్కి అద్దం దించి ఇంకో పావుగంట, అసలు మాటలన్నీ ఆ అద్దం దగ్గరే వస్తాయి, ఆ రోజు ఎర్విన్ సరే మరి అని లేచి మెట్లెక్కి వెళ్ళిపోయాడు, ఇంకో రెండుసార్లు వచ్చాడు, తర్వాత మోకాలు నొప్పన్నాడు, తర్వాత ఏమీ అనలేదు.

బండి చప్పుడు, అదే, ఆ పాత పికప్ దగ్గు ఎక్కడున్నా పోల్చుకోవచ్చు, లోవెల్ తెర వైపు చూశాడు, బార్లీ నీళ్ళు అప్పటికే పూర్తిగా వడకట్టుకుని మరిగే గంగాళంలోకి చేరాయి, వేడి ఎక్కుతోంది, సరైన సమయానికే వచ్చాడు అన్న, ఇప్పుడు దిగితే గంటసేపు నిలబడొచ్చు, ఆ నురగ పుల్ల స్విచ్చి ఆపేద్దామా, తెడ్డు అన్న చేతికిద్దామా, ఆ ఆలోచన ఇంతకు ముందు ఒక్కసారీ రాలేదేం, తెడ్డు ఎక్కడుంది అసలు, పైన వెర్నా గొంతు, రా బావా, లోపలికి రా, కాఫీ పెడతా, వద్దమ్మా, కాళ్ళకి బూట్లున్నాయి, ఇక్కడే నిలబడతా, ఇవి మార్లిస్ సీసాలు, టొమాటోలవీ బీన్సువీ పెట్టుకునేవి, నువ్వు వాడుకుంటావని, లోవెల్ మెట్లెక్కి వంటింట్లోకి వచ్చేసరికి ఎర్విన్ పెరటి తలుపు లోపల, సరిగ్గా చాప మీద, రెండు పాదాలూ చాప దాటకుండా నిలబడి ఉన్నాడు, తలుపు సగం తెరిచే ఉంది, చల్లగాలి లోపలికి కొడుతోంది, వాసన భలే ఉందిరా అన్నాడు, దిగి చూద్దువుగాని రా అన్నయ్యా అన్నాడు లోవెల్, తన గొంతు తనకే గట్టిగా వినిపించింది, మోకాలురా, ఎక్కలేనేమోనని భయం, నా బదులు నువ్వు చూసుకో అన్నాడు ఎర్విన్, ఎన్నింటికి బయల్దేరతావు అన్నాడు లోవెల్, తెల్లారి అయిదింటికి, మంచు పడుతుందట రేపు సాయంత్రం నుంచి, దానికి దొరక్కుండా పోవాలి, మొదటిరోజు అయొవా దాటేస్తావా, దాటేస్తా, ఆ బండితోనా, నాకన్నా గట్టిది ఇది, అని బయటికి చూసి నవ్వాడు, వెర్నా సీసాల పెట్టె చేతులు మార్చుకుంది, అప్పుడు ఎర్విన్ ఏదో వింటున్నట్టు తల ఒక పక్కకి వంచి, కింద మరుగుకొస్తున్నట్టుందిరా, పొంగుతుందేమో, పోయి చూసుకో అన్నాడు, అదే చూసుకుంటుంది అన్నయ్యా అనేశాడు లోవెల్, నోరు దాటిపోయింది, ఎర్విన్ ఒక్క క్షణం తమ్ముడి మొహంలోకి, కళ్ళలోకి చూశాడు, అవును కదా అన్నాడు మెల్లిగా, అదే చూసుకుంటుంది, చెయ్యి చాపాడు, లోవెల్ పట్టుకున్నాడు, వెర్నా బుగ్గ మీద ముద్దు పెట్టాడు, సరే మరి అన్నాడు, తలుపు మూశాడు, బండి దగ్గింది, లోవెల్ కోటు లేకుండా చొక్కాతోనే బయటికి పరిగెత్తేసరికి పికప్ వెనక్కి తిరిగి రోడ్డెక్కింది, అద్దం దించలేదు, చెయ్యి మాత్రం లోపల్నుంచి ఒకసారి ఊగింది.

మంచు పడదట, మంచు, అని లోపలికొచ్చి గొణిగాడు లోవెల్, కోపంగానే గొణిగాడు, మంచుకి భయపడి పారిపోయేవాడు మగాడేనా అని, వెర్నా పెట్టె బల్ల మీద పెట్టి అతని వైపు తిరిగింది, ఏమన్నావు, అంది, ఆమె గొంతు మారింది, ఇంత స్పష్టంగా తెలిసింది ఆ మార్పు ఈసారి, నీకు తెలియదా, ఏం తెలియాలి అన్నాడతను, లోవెల్, నిజంగా నీకు చెప్పలేదా, నీకే ముందు చెప్పి ఉంటాడనుకున్నా, మీ అన్నదమ్ములు ఆ కుండ దగ్గర అన్నీ చెప్పుకుంటారుగా, అని కుర్చీలో కూలబడి, ఆ ఎండాకాలం బీన్సు తుంచడానికి వచ్చాడు చూడు, నువ్వు కింద తీగలు లాగుతున్నావు, రెండు బుట్టలు తుంచాం ఇద్దరం, తల ఎత్తకుండా చెప్పాడు నాకు, ఆ పొద్దున వాకిట్లో మర పెట్టి దారి మీది మంచు ఊదిపోస్తున్నాడట, మార్లిస్ కిటికీ అద్దం మీద తట్టి చేత్తో రమ్మని పిలిచిందట, ఇదిగో ఇలా, అయిదు వేళ్ళూ చూపించాడట, అయిదు నిమిషాలు అని, ఆమె సరేనని తల కూడా ఊపిందట, రోడ్డు దాకా మొత్తం శుభ్రం చేసి, మర లోపల పెట్టి, బూట్లు దులుపుకుని వచ్చాడట, అంది, అప్పటికి, అంది, ఇంక అనలేకపోయింది, మంచు పడ్డ ప్రతిసారీ ఆ అయిదు వేళ్ళూ కనిపిస్తాయట, లోవెల్.

పదమూడు మెట్లు, ఎలా దిగాడో తెలియదు, తోలు కుర్చీలు రెండూ ఎదురెదురుగా ఖాళీగా ఉన్నాయి, వాటిలో కూచోలేక గంగాళం పక్కకి పోయి నిలబడ్డాడు, చాలా కాలమైంది ఇలా నిలబడి లోపలికి చూసి, చూడక్కర్లేదు కదా, నీళ్ళు తేనెరంగులో ఉన్నాయి, నడుమ కొంచెం ఉబికి అంచుల వైపు జరుగుతున్నాయి, సన్నటి మీగడ తరక ఒకటి కట్టింది, చప్పుడు తగ్గింది, అవును, పొంగే ముందు చప్పుడు తగ్గుతుంది, మిగతా అంతసేపూ గొణిగే నీళ్ళు ఊపిరి బిగబట్టినట్టు ఆగుతాయి, తరక మందమవుతుంది, అప్పుడు నురగ మెల్లిగా లేస్తుంది, మెల్లిగా, వేలు, రెండు వేళ్ళు, జానెడు, ఇదేమీ మెరుపు కాదు, మనిషి పదిహేను ఇరవై లెక్కపెట్టుకోవచ్చు, పుల్లని తాకింది, చిటుక్కుమంది పెట్టె, మంట తగ్గింది, నురగ కూచుంది, ఎవరూ మాట ఆపక్కర్లేకుండా కూచుంది, మళ్ళీ లేస్తోంది, మళ్ళీ చిటుక్కు, లోవెల్ గంగాళం అంచు పట్టుకున్నాడు, చురుక్కుమన్నా వదల్లేదు, ఇంత నెమ్మదిగా లేచేదాన్ని ఆ రోజు ఎలా చూడలేదు తను, ఎర్విన్ చూడలేదు, ఎర్విన్ కళ్ళు నీళ్ళతో ఉన్నాయి, మరి తన కళ్ళు, పొయ్యి మీట పక్కన ఉన్నది తను, చెయ్యి మీట మీదే ఉంది, ఇత్తడి మీట వెచ్చదనం ఇప్పటికీ అరచేతిలో ఉంది, చప్పుడు తగ్గడం వినలేదా, పంపు గొంతు మారితే వినేవాడు అది వినలేదా, అందులోనూ తమ నాన్న కొడుకు, సరస్సు ఒడ్డున ఎండాకాలం చేపలు ఉడికించే పెద్ద మనిషి తమ నాన్న, కట్టెల మంట మీద కాగు పెట్టి, బంగాళాదుంపలూ ఉల్లిగడ్డలూ తెల్లచేపలూ వేసి, చివరన మంట మీద కిరసనాయిలు కొట్టి కావాలనే పొంగించేవాడు, మంట లేచి కాగు పొంగి పైన తేలిన జిడ్డంతా అంచు మీంచి కొట్టుకుపోవాలి, అది పొంగిన క్షణం చుట్టూ చేరిన జనమంతా అరుస్తూ వెనక్కి జరిగేవాళ్ళు, ఏం మాట్లాడుకుంటున్నా మధ్యలో ఆపేసి, ఎప్పుడు పొంగుతుందో చూసి చెప్పండ్రా అని కొడుకులిద్దర్నీ ముందు నిలబెట్టేవాడు నాన్న, ఒక్కసారి తప్పలేదు తను, అయిదేళ్ళప్పుడే తప్పలేదు, గ్యారేజీలో ఆ రోజు కూడా తప్పలేదు, చూశాడు, వాకిట్లోనే ఉన్నాను గానీ అని అన్న గుటక వేసినప్పుడు నీళ్ళు సద్దుమణిగాయి, నురగ వేలెత్తు లేచింది, చెయ్యి మీట మీద ఉంది, తిప్పితే ఆగిపోయేది, ఆగితే అన్న ఆ మాట చెబుతాడు, చెబితే అన్న ఏడుస్తాడు, అన్న ఏడిస్తే తనెక్కడ నిలబడాలో తెలియదు, జానెడు లేచింది, అంచుకొచ్చింది, తను చూస్తూనే ఉన్నాడు, తిప్పలేదు, పొంగనిచ్చాడు, ఆ మాట అక్కడ ఆగిపోవాలని పొంగనిచ్చాడు, అన్న ఇస్త్రీ చొక్కాతో నేల మీద పాకుతూ నా తప్పేరా అంటే, పర్లేదులే అన్నాడు.